బార్‌కోడ్ కత్తిరించి పంపండి

అమెరికా వచ్చిన కొత్తల్లో నాకు కొరుకుడుపడని విషయాల్లో మెయిల్-ఇన్ రిబేట్ ఒకటి. తగ్గించేదేదో కొట్లోనే తగ్గించి అమ్మొచ్చు కదా! మా ఊరి కిరాణా కొట్టు శెట్టిగారు "ఇప్పుడు వంద ఇచ్చుకో, ఉత్తరం రాస్తే రెండు నెల్లాగి పాతిక తిరిగి పంపిస్తా" అంటే ఆ కొట్టు గడప మళ్ళీ ఎవడైనా తొక్కుతాడా?

2012లో డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. థాంక్స్‌గివింగ్ రాత్రి చలిలో మూడు గంటలు లైన్లో నిలబడి లాప్‌టాప్ కొన్నాను. ప్రకటనలో పెద్ద అంకెల్లో 299 డాలర్లు, కింద చీమతలకాయంత అక్షరాల్లో "రిబేట్ తరవాత" అని. కౌంటర్ దగ్గర కట్టింది 399. దానిమీద 8.25 శాతం సేల్స్ టాక్స్. అంటే ఇంకా చేతికి రాని తగ్గింపుక్కూడా పన్ను కట్టానన్నమాట. జనవరి అద్దెకి డబ్బులు చాలకపోతే రూమ్మేటు "రిబేట్ వచ్చాక ఇద్దువులే" అని వంద సర్దాడు.

"అన్నీ జిరాక్స్ తీసి పెట్టుకోరా" అని కూడా అతనే చెప్పాడు. వింటేగా! కూరగాయల కత్తితో అట్టపెట్టె మీది బార్‌కోడ్ కోసి, బిల్లు కాపీ చాలన్నా భయంకొద్దీ అసలు బిల్లే జతచేసి పోస్టులో పడేశాను. రెండు వారాలకి స్క్రీన్ మీద నిలువు గీతలు మొదలయ్యాయి. కొట్టుకి మోసుకెళ్తే, బిల్లూ లేదు, పెట్టెకి బార్‌కోడూ లేదు, వాపసు తీసుకోమన్నారు. మార్చిలో పోస్టుకార్డొచ్చింది. అసలు బార్‌కోడ్ జతపరచనందున దరఖాస్తు తిరస్కరించారట. ఫోన్ చేసి ఇరవై నిమిషాలు సంగీతం విన్నాక, "మీ దగ్గరున్న కాపీ పంపండి" అన్నారు. ఏ కాపీ?

ఆ గీతల్లోంచి చూస్తూనే మిగతా సెమిస్టరంతా అసైన్‌మెంట్లు చేశాను. రూమ్మేటు వంద ఆగస్టులో తీర్చాను. అతను ఒక్కసారీ అడగలేదు. అడిగినా బావుండేది.

ఇలా జనం రాబట్టుకోలేక వదిలేసే సొమ్ముకి ఆ వ్యాపారంలో "బ్రేకేజ్" అని పేరు. ఆ మాట నేను కన్సల్టెంటయ్యాక నేర్చుకున్నాను. ఆ మధ్య కొన్నాళ్ళు రిబేట్లు పరిశీలించే ఒక కంపెనీ ప్రాజెక్టులో పడ్డాను. రూల్స్ రాయడం నా పని. పోస్టుమార్కు ఒక్కరోజు దాటినా రిజెక్ట్. ఫారంలో పేరు, బిల్లులో పేరు కలవకపోతే రిజెక్ట్. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే, ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట వెనక. టెస్టింగులో నా పేరే పెట్టి చూస్తే ఎగిరిపోయింది. మీటింగులో "తిరస్కరించే ముందు సరిదిద్దుకోడానికి ఒక అవకాశం ఇద్దామా" అన్నాను. "ఫేజ్ టూలో చూద్దాం" అన్నారు. మన ఫీల్డులో ఫేజ్ టూ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు నా హెచ్1బి పొడిగింపు నడుస్తోంది. నోరు మూసుకుని కోడ్ చెకిన్ చేశాను.

ఈ తంతు మీద జనం మొత్తుకోవడం పాత సంగతే. రిబేట్లు సరిగ్గా చెల్లించలేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కాంప్‌యూఎస్ఏ మీద చర్య తీసుకున్నది 2005లో. అదే ఏడు బెస్ట్ బై కూడా రెండేళ్ళలో వీటిని ఎత్తేస్తామంది. అయినా టైర్లకీ, కాంటాక్ట్ లెన్సులకీ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాకపోతే కత్తితో పనిలేదు, బిల్లు ఫోటో అప్‌లోడ్ చేస్తే సరి. చెక్కు బదులు ప్రీపెయిడ్ కార్డు ఇస్తున్నారు.

మొన్నామధ్య కారుకి నాలుగు టైర్లు వేయించాం. 80 డాలర్ల రిబేట్. ఈసారి బిల్లు స్కాన్ చేశాను, స్క్రీన్‌షాట్లు తీశాను, ఎక్సెల్‌లో గడువు తేదీ రాసుకున్నాను. ఆరు వారాలకి ఈమెయిలొచ్చింది. కారణం: పేరు సరిపోలలేదు. షాపువాడు బిల్లులో నా ఇంటిపేరు ముందేశాడు.

"ఇలాంటి రూళ్ళు ఏ మహానుభావుడు రాస్తాడో!" అంది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

నేను తలెత్తకుండా పప్పు కలుపుకున్నాను.