మిలిట్రీ ఇళ్లకు కౌన్సెలర్ ఎవరు?

హిందూపురం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరాలు అందుతూనే ఉన్నాయి, జవాబులే ఆలస్యమవుతున్నాయి, ఏమీ అనుకోకండి. వాటిలో ఒకదాన్ని మాత్రం పక్కన పెట్టలేకపోయాను. పెనుకొండ వైపు నుంచి ఒక తల్లి రాశారు. అల్లుడు మిలిట్రీలో ఉన్నాడట. సెలవు మీద వచ్చినప్పుడల్లా కూతురికీ అతనికీ పడటం లేదట. టౌనులో ఎవరో ‘ఫ్యామిలీ కౌన్సెలర్’ అని బోర్డు పెట్టారు, పంపితే మంచిదేనా అని అడిగారు.

మంచిదేనమ్మా. కానీ వెళ్లేముందు వాళ్లు ఏం చదివారో, ఎవరి దగ్గర శిక్షణ పొందారో, ఎక్కడ రిజిస్టర్ అయ్యారో అడగండి. అలా అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. మందుల షాపు తెరవాలంటే ఫార్మసిస్టు ఉండాలి, లైసెన్సు గోడకు కనపడాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టడానికి మాత్రం పెయింటరుకిచ్చే డబ్బులుంటే చాలు. ఇవాళ్టికి మన దగ్గర పరిస్థితి అదీ.

చట్టాలు లేక కాదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు కేంద్ర రిజిస్టరులో నమోదు కావాలి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరుంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాళ్లతోపాటు మానసిక ఆరోగ్య నర్సులనూ, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లనూ రాష్ట్ర అథారిటీ దగ్గర నమోదు చేయమంది. ఈ రెండింటిలోనూ మామూలు కౌన్సెలర్ ఊసు లేదు. వాళ్ల సంగతి పట్టించుకున్నది 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు అందరినీ ఒక జాబితాలో చేర్చి, రాష్ట్ర కౌన్సిళ్లలో రిజిస్టర్ కావాలంది. అది అమలై మన వీధిలో బోర్డు దాకా వచ్చేసరికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో.

“కాగితాలెందుకండీ, ఇంటి పెద్దలు చెబితే వినరా?” అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. వింటారు. పెద్దలు పంచాయితీ చేసి, ఇద్దరినీ చెరో మాటా అని, సర్దుకుపొమ్మని పంపుతారు. పోలీస్ స్టేషన్లో ఇచ్చే కౌన్సెలింగ్ కూడా చాలాసార్లు అలాంటిదే, కాకపోతే గొంతు ఇంకాస్త పెద్దది. సర్దుకుపోవడం నేర్పడం వేరు, సర్దుకోలేకపోవడానికి కారణమేమిటో ఓపికగా వినడం వేరు. రెండోదానికి చదువు కావాలి, అనుభవమున్న వాళ్ల కింద చేసిన సాధన కావాలి. అన్నిటికన్నా ముందు, విన్న మాట గడప దాటనీయని కట్టుబాటు కావాలి. సిపాయి భార్య నోరు విప్పకపోవడానికి సగం కారణం, ఈ మాట తిరిగి తిరిగి యూనిట్‌కి చేరి మొగుడి ప్రమోషన్‌కి అడ్డం పడుతుందేమోనన్న భయం.

ధర్మవరంలో నాకొక స్నేహితురాలుంది. సిపాయి భార్య. రాజస్థాన్, అస్సాం, పంజాబ్ అన్నీ తిరిగింది. ఆమె చెబితేనే నాకు తెలిసింది, మొగుడు సెలవు మీద వచ్చిన మొదటి వారమే గండమట. పది నెలలు గ్యాసు, స్కూలు ఫీజు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ ఆమే చూసుకుంటుంది. అతను దిగగానే పర్సు ఎవరి చేతిలో ఉండాలో తేలదు. చిన్నవాడు నాన్న పక్కన పడుకోనని ఏడుస్తాడు. మూడో వారానికి అందరూ ఒకరికొకరు అలవాటవుతారు. ఆ వేళకి అతను మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగి బట్టలు సర్దుకుంటూ ఉంటాడు. ఇలాంటివి ఏ పాఠ్యపుస్తకంలో ఉంటాయో నాకు తెలియదు. ఆమెకి మాత్రం కంఠతా వచ్చు.

ఆమె సైకాలజీ ఎం.ఏ. కూడా చేసింది, దూరవిద్యలో. మూడేళ్లకోసారి పోస్టింగ్ మారే ఇంట్లో రెగ్యులర్ కాలేజీ ఎక్కడ కుదురుతుంది చెప్పండి? మార్కుల జాబితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో, భర్త పోస్టింగ్ ఆర్డర్ల జిరాక్సులతో కలిపి దాచుకుంది. ఇప్పుడేమో 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. నేను పైన రాసిన 2021 చట్టం పరిధిలోకి వచ్చే కోర్సు కాబట్టి ఆపారు. ఇంట్లో కూర్చుని చదివినవాళ్లు నేరుగా మనుషుల మనసులతో పని చేయకూడదన్న ఉద్దేశం తప్పని నేననను. నా బిడ్డనైనా సాధన చేయనివాళ్ల దగ్గరికి పంపను. కానీ ఆ తలుపు మూసినప్పుడు, సిపాయి ఇంటి కష్టం తెలిసిన ఆడవాళ్లే బయట మిగిలిపోయారన్నది నా బాధ. వాళ్లకు ఇంకో తలుపు తీయాలి కదా!

అమెరికాలోనూ ఇలాంటి చిక్కే ఉండేది. అక్కడ సైనిక కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలర్‌కి పీజీ డిగ్రీతో పాటు రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు తప్పనిసరి. మరి సిపాయి భార్యే కౌన్సెలరయితే? మొగుడి బదిలీతో ఒక రాష్ట్రం లైసెన్సు ఇంకో రాష్ట్రంలో చెల్లక మళ్లీ మొదటికొచ్చేది. 2023 జనవరిలో చట్టం సవరించి, సైనికుల భార్యాభర్తల వృత్తి లైసెన్సులు బదిలీ అయిన చోటా చెల్లేలా చేశారు, లాయర్లకు తప్ప. అర్హత తగ్గించలేదు, దారి వేశారు. మనవాళ్లు అక్కణ్నుంచి తెచ్చుకోవాల్సింది ఇలాంటివి.

మన సైన్యం ఏమీ చేయడం లేదని కాదు. యూనిట్లో ధర్మగురువులుంటారు, కంటోన్మెంట్లో సైనికుల భార్యల సంక్షేమ సంఘం ఉంటుంది. అయితే అత్తగారింట్లో పిల్లలతో ఉండే మన పరిగి, లేపాక్షి ఆడపిల్లకు కంటోన్మెంట్ ఎక్కడిది? సైనిక సంక్షేమ కార్యాలయానికి అనంతపురం పోవాలి, మానసిక వైద్యం కోసం నిమ్హాన్స్ ఆసుపత్రికి బెంగళూరు పోవాలి. హిందూపురం నుంచి అటైనా ఇటైనా ఇంచుమించు వంద కిలోమీటర్లు.

గోరంట్ల మండలం కల్లి తండా పేరు మీకు గుర్తుండే ఉంటుంది. 2025 మే నెలలో సరిహద్దు కాల్పుల్లో అమరుడైన అగ్నివీర్ మురళీ నాయక్ ఊరది. మంత్రులొచ్చారు, ప్రభుత్వం సాయం ప్రకటించింది, జిల్లా అంతా కన్నీరు పెట్టింది. ఆ ఇంటి దుఃఖం ఆ ఇంటిది, దాని గురించి నేను రాయను. నేను అడిగేది అలాంటి ఇళ్లన్నిటి గురించి. కార్లన్నీ వెళ్లిపోయాక, లంబాడీలో తప్ప ఏడవలేని తల్లి ఎదుట కూర్చోవడానికి ఆ భాష తెలిసిన, శిక్షణ ఉన్న మనిషి మన జిల్లాలో ఎంతమంది ఉన్నారు? పైగా 2022లో అగ్నిపథ్ మొదలయ్యాక నాలుగేళ్ల కొలువుకి వెళ్లిన పిల్లలున్నారు. వాళ్లలో పాతిక శాతానికి మించి సైన్యంలో కొనసాగరు. మిగతావాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండకుండానే ఇంటికొస్తారు, వాళ్లతో పాటు కొత్త దిగుళ్లూ వస్తాయి.

2025 జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, జాతీయ న్యాయసేవల సంస్థ ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయం అందించాలన్నది దాని ఏర్పాటు. భూమి తగాదాకి వకీలు అక్కడే దొరికితే, ఆ పక్క కుర్చీలో రిజిస్టరైన కౌన్సెలర్ ఎందుకుండకూడదు? నా స్నేహితురాలిలాంటివాళ్లకు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగంలో ఏడాది పర్యవేక్షణలో పని నేర్పి, పరీక్ష పెట్టి, రిజిస్టరు చేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటాను. పరీక్ష కష్టంగానే పెట్టండి, వాళ్లకు భయం లేదు.

అంతవరకూ ఒక ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి, 14416. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైనికులకూ వారి కుటుంబాలకూ 2023 డిసెంబరులో పుణేలోని సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం కూడా తెరిచారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సిపాయి ఉంటే వాళ్లకూ చెప్పండి. మీ ఊళ్లో కౌన్సెలర్ బోర్డులు ఎన్ని ఉన్నాయో, అడిగితే ఎవరు రిజిస్ట్రేషన్ చూపించారో, ఎవరు కసురుకున్నారో నాకు రాయండి.

ఇట్లు,
మీ
హిందూపురం నేస్తం