సార్‌ని పంపించండి మేడమ్!

మోకాళ్ళ నొప్పికి రోజూ అరగంట నడవమని డాక్టరమ్మ చెప్పి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా హవాయి చెప్పులతోనే నడిచాను. ఇంట్లో అందరికీ బూట్లున్నాయి. మావారికి ఆఫీసువి వేరు, వాకింగ్‌వి వేరు. అబ్బాయి సంగతి చెప్పనక్కర్లేదు. నాకెందుకులే అనుకోవడం మనకి అలవాటే కదా!

మొన్న చీటీ డబ్బులు చేతికొచ్చినప్పుడు ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి, ఈసీఐఎల్ వైపు ఒక షాపులో 1,850 రూపాయలు పెట్టి వాకింగ్ షూ కొనుక్కున్నాను. పది రోజులు మా మౌలాలి గుట్ట చుట్టుపక్కల దర్జాగా నడిచాను. పదకొండో రోజు మహలఖా బాయి సమాధి దగ్గర కుడికాలు అడుగు భాగం నోరు తెరిచింది. టప్ టప్‌మని చప్పుడు చేసుకుంటూ కమాన్ దాటి ఇంటికొచ్చేసరికి సిగ్గుతో చచ్చాను.

సాయంత్రమే షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఆయన బూటుని అటూ ఇటూ తిప్పి చూసి, "తడిపేశారు మేడమ్, తడిస్తే గమ్ ఊడుతుంది" అన్నాడు. తడపలేదండీ అంటే, బిల్లు అడుగున ఉన్న లైను చూపించాడు, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని. ఆ పైన, "ఇవన్నీ మీకు తెలీవు. సార్‌ని పంపించండి, మాట్లాడతాం" అన్నాడు.

బూటు ఊడినందుకన్నా ఆ మాటకే ఎక్కువ మండింది. కానీ నోరు పెగల్లేదు. వచ్చేశాను.

మావారు విని, "పోనిద్దూ, కుట్టించుకుంటే యాభై రూపాయల పని" అన్నారు. అత్తయ్యగారు మాత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే, "పాలు విరిగితే కొట్టువాడికి చూపించి ప్యాకెట్ మార్చుకొస్తావే, బూటు విరిగితే ఊరుకుంటావేం?" అన్నారు. ఇరవై రెండేళ్ళలో మేమిద్దరం ఒకే మాట మీద ఉన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

మా పక్క ఫ్లాట్ అమ్మాయి లా చదువుతోంది. తను చెప్పాకే తెలిసింది. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందట. రంగు నచ్చలేదనో, సైజు తప్పు తెచ్చుకున్నామనో వెళ్తే ఇది చెల్లదు. లోపం వస్తువులో ఉండాలి. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ముందు 1915కి ఫోన్ చెయ్యమంది. బిల్లు కోసం వెతికితే గ్యాస్ బుక్కులో దొరికింది. తీరా చూస్తే సగం అక్షరాలు మాయం! పొయ్యి పక్కన వేడికి ఆ మిషన్ బిల్లులు ఇట్టే వెలిసిపోతాయి. అదృష్టం బాగుండి తేదీ, మొత్తం కనిపిస్తున్నాయి. అప్పటికప్పుడు ఫోటో తీసుకున్నాను. మీరూ బిల్లు చేతిలో పడగానే ఫోటో తీసి పెట్టుకోండి, నా మాట విని.

ఫోన్లో ఆ అమ్మాయి తెలుగులోనే ఓపిగ్గా అన్నీ అడిగి ఫిర్యాదు నంబరిచ్చింది. వాళ్ళు కోర్టు కాదు. మన ఫిర్యాదు షాపువాళ్ళకి పంపి, జవాబు చెప్పమంటారు, అంతే. నాలుగు రోజులు చూసి, ఆ నంబరు కాగితం మీద రాసుకుని మళ్ళీ షాపుకెళ్ళాను. ఒక్కదాన్నే.

"సార్ రాలేదా?" అన్నాడు.

"కాళ్ళు నావి, డబ్బులు నావి. సార్‌తో ఏం పని?" అన్నాను. గొంతు వణికింది, దాచడమెందుకు.

కాగితం చూశాక కుర్చీ వేయించాడు. ఇంకో జత తీసుకోమన్నాడు, లేదంటే అంతకి కూపన్ రాసిస్తానన్నాడు. నిజం చెప్పొద్దూ, సరే అనబోయాను. మొహమాటం అంత తొందరగా పోతుందా! మళ్ళీ ఆ గమ్మే, మళ్ళీ ఈ మెట్లే అని గుర్తొచ్చి, "డబ్బులే ఇవ్వండి" అన్నాను. ఎవరికో ఫోన్ చేసి, పావుగంట కూర్చోబెట్టి, మొత్తం 1,850 లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆరోజు నాకు బూట్లు తొడిగి చూపించిన కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి జీతంలో కోస్తారేమోనని అప్పటిదాకా నాకు తట్టలేదు. మెల్లిగా అడిగాను. "లేదాంటీ, కంపెనీకి వాపసు పంపుతారు. ఇదే మోడల్ ఇంకా రెండు జతలొచ్చాయి" అన్నాడు.

ఇంటికొచ్చి డబ్బులు డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మావారు ఒకసారి వాటి వంక చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి, మొదటి ఉతుక్కే రంగు పోయిన నీలం చొక్కా పట్టుకొచ్చారు.

"దీని బిల్లు నీ దగ్గరేమైనా ఉందా?"