విమానం లేచాక పంపిన పేర్లు

అర్ధరాత్రి దాటాక కౌంటర్ మూసి వెనక గదిలోకి వెళ్లి ప్రింటర్ మీట నొక్కితే, అంచుల్లో చిల్లులున్న వెడల్పాటి కాగితం మీద ఆ రాత్రి విమానం ఎక్కుతున్నవాళ్ల పేర్లన్నీ గరగరమంటూ దిగేవి. వేడెక్కిన రిబ్బను సిరా వాసన, వేళ్లకంటుకున్న టికెట్ల ఎర్ర కార్బన్ వాసన, ఎవరి పెట్టెలోంచో కారి బెల్టు మీద మిగిలిపోయిన ఆవకాయ నూనె వాసన కలగలిసిన ఆ గదిలోనే నిలబడి అంచులు చింపి, ప్రతులు విడదీసి, ఒకటి ఇమిగ్రేషన్‌కి, ఒకటి కస్టమ్స్‌కి పంపి, ఇంకొకటి జనరల్ డిక్లరేషన్‌తో కలిపి గోధుమరంగు కవర్లో పర్సర్ చేతికిచ్చి, మిగిలింది ఫైల్లో కుట్టేవాళ్లం. బొంబాయి సహార్ విమానాశ్రయంలో ఒక విదేశీ విమాన సంస్థ ఉద్యోగులం మేము. ఎవరెవరిని ఎక్కించుకుని పోతున్నామో ప్రభుత్వాలకు చెప్పుకోవడమంటే అప్పట్లో చాలా మటుకు ఆ కాగితాలే.

ఆ జాబితాలో మనవాళ్ల పేర్లు ఎంత పొట్టిగా ఉండేవో. రెడ్డి, కె. రావు, వి. ఒక్క విమానంలోనే అరడజను మంది రెడ్లు, ఎవరి పెట్టె ఎవరిదో తేల్చడానికి మళ్లీ కిందికి పరుగెత్తడం, పుట్టినతేదీ ఎవరం అడగకపోవడం, అడిగినా పెద్దవాళ్లలో చాలామందికి బడిలో వేసిన రోజున మేష్టారు తనకు తోచింది రాసిన జూలై ఒకటే ఉండడం. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కూతురి పురుటికో కొడుకు గృహప్రవేశానికో బయల్దేరి బొంబాయి దాకా వచ్చిన అమ్మలు, తెలుగు మాట వినబడగానే నా వరుసలోకి మారి, జాకెట్లో దాచుకున్న చిన్న పర్సులోంచి పిల్లల చిరునామా రాసిన చీటీ తీసేవాళ్లు. నాలుగు మడతల చీటీ, మడత దగ్గర అరిగి చిల్లుపడి, సరిగ్గా ఇంటి నంబరు మీదే ఆ చిల్లు. అమెరికాలో దిగేవాళ్లకు విమానంలో ఇచ్చే తెల్ల ఐ-94 ఇమిగ్రేషన్ కార్డులో ఎక్కడ దిగుతారో రాయాలి కదా, ఒక్కోసారి మా దగ్గరున్న ఖాళీ కార్డు మీద ముందే నింపి, పాస్‌పోర్టులో దోపి పంపేవాణ్ణి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, టికెట్ మీద ఇంటిపేరు ముందుకో వెనక్కో పోయినా, మనిషిని చూసి, పాస్‌పోర్టు చూసి, సరే వెళ్లండమ్మా అనే అధికారం కౌంటర్ వెనక నిలబడ్డవాడికి కొంత ఉండేది.

ఆ అధికారాన్ని తలుచుకుని మురిసిపోదామంటే 1985 గుర్తొస్తుంది. జూన్ 22న వాంకూవర్ కౌంటర్లో ఎం. సింగ్ అనే పేరున్న టికెట్‌తో వచ్చిన మనిషి, టొరంటో నుంచి ముందుకు సీటు ఖాయం కాకపోయినా, తన పెట్టె మాత్రం నేరుగా ఎయిర్ ఇండియా విమానానికే పంపాలని పట్టుబట్టాడు. కౌంటర్లో ఉన్నావిడ మొదట కుదరదంది, వెనక వరుస పెరిగిపోతోంది, చివరికి ఒప్పుకుంది. పెట్టె వెళ్లింది, అతను ఎక్కలేదు. మర్నాడు ఐర్లండ్ దగ్గర సముద్రం మీద ఆ ఎయిర్ ఇండియా విమానం కనిష్క పేలిపోయి 329 మంది పోయారు. నేను మా అమ్మలకు చూపించిన దయ, ఆవిడ ఆ రోజు చూపించిన దయ, రెండూ ఒక్క చోటునుంచే వచ్చాయి. ఇది నాకు ఎప్పుడూ సర్దుకోని విషయం.

విదేశీ విమాన సంస్థలు ప్రయాణికుల వివరాలు ముందుగా అమెరికాకు పంపే పద్ధతి 1988లోనే మొదలైనా, అది ఇష్టమున్నవాళ్ల సంగతిగానే సాగింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ఆ నవంబరులో వచ్చిన చట్టంతో తప్పనిసరి అయింది. మొదట్లో విమానం లేచిన పావుగంట లోపు పంపితే చాలు. అంటే పేర్లు విమానం వెనకాల పరుగెత్తేవి. 2005 అక్టోబరు నుంచి అమెరికాలో దిగే చిరునామా కూడా మేమే కొట్టాలి. అమ్మల చీటీ విమానంలో కార్డు దాకా ఆగకుండా, నా కీబోర్డు పక్కకే వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మెక్సికో వెళుతున్న కేఎల్ఎం విమానంలో ఇద్దరి పేర్లు అమెరికా నిషేధ జాబితాలో ఉన్నాయని, అమెరికాలో దిగని ఆ విమానాన్ని తమ గగనతలంలోకి కూడా రానివ్వలేదు; అంత దూరం పోయి మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. 2008 ఫిబ్రవరి నుంచి తలుపు వేయకముందే వివరాలు వెళ్లాలి, అటునుంచి సరేనన్న జవాబు రావాలి. సెక్యూర్ ఫ్లైట్ అనే అమెరికా ప్రభుత్వ పద్ధతి వచ్చాక, 2010 చివరికల్లా, పేర్లను జాబితాతో పోల్చే పని కూడా విమాన సంస్థల నుంచి పూర్తిగా ఆ ప్రభుత్వానికే వెళ్లిపోయింది. ఆ పని మా దగ్గర ఉన్నన్నాళ్లూ ఒక్కో సంస్థ ఒక్కోలా పోల్చేది, పేరు కలిసిన పాపానికి పసిపిల్లల తల్లిదండ్రులు కూడా కౌంటర్ దగ్గర నిలబడాల్సి వచ్చేది. పూర్తి పేరు, పుట్టినతేదీ తప్పనిసరి అయ్యాక ఆ తిప్పలు తగ్గాయి, ఒప్పుకోవాలి. బడిలో మేష్టారు రాసిన జూలై ఒకటి మాత్రం ఇంక కదలని నిజమై కూర్చుంది.

ఢిల్లీ కూడా ఇదే దారిలోకి వచ్చింది. 2022 ఆగస్టులో వచ్చిన కస్టమ్స్ నిబంధనల ప్రకారం, మన దేశానికి వచ్చే పోయే విమానాలన్నీ, విదేశీ సంస్థలవైనా సరే, బయల్దేరడానికి 24 గంటల ముందే బుకింగ్ రికార్డు పంపాలి, అయిదేళ్లు దాచుతారు. ఆ రికార్డులో ఫోన్ నంబరు, డబ్బు ఎలా కట్టిందీ, ఎన్ని పెట్టెలు, అన్నీ. శుభ్రంగా నడవగలిగిన అమ్మకి ఇంగ్లీషు రాదని, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దుబాయ్‌లోనో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రెండో విమానం దాకా తీసుకెళతారని కొడుకు చెప్పి పెట్టిన వీల్‌చైర్ కూడా బుకింగ్‌లో ఒక కోడ్. ఆ కోడ్ వెనక ఉన్న భయం సంగతి కౌంటర్లో మాకు తెలుసు.

చీటీ ఇప్పుడు లేదు. కొడుకే డాలస్‌లో కూర్చుని ఫోన్లో అన్నీ నింపేస్తాడు, విమానాశ్రయాల్లో కాగితపు ఐ-94 కార్డు 2013లోనే పోయింది, అమ్మ ఎవరినీ బతిమాలక్కర్లేదు. అయితే ఎప్పుడో ఒకప్పుడు తెర మీద బోర్డింగ్ పాస్ రానివ్వని సందేశం వస్తుంది, కౌంటర్లో అమ్మాయికి కారణం తెలియదు, తెలుసుకునే దారీ లేదు, ఫోన్ చేతిలో పట్టుకుని అవతలివాళ్ల జవాబు కోసం ఆగుతుంది. ఎదురుగా ఆగిపోయిన ముసలాయన తెలుగులో చెప్పేదంతా ఆమె వింటుంది కానీ, విని చేయగలిగింది లేదు. పేరు కలిసి ఇలా ఇబ్బంది పడేవాళ్లు అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీకి అర్జీ పెట్టుకుంటే రిడ్రెస్ నంబరు ఇస్తారు. దాన్ని టికెట్ కొనేటప్పుడే వేయించాలి, కౌంటర్ దాకా వచ్చాక గుర్తు చేసుకుంటే ఆ రాత్రి విమానం తప్పిపోవచ్చు. తెలిసినవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే, నంబరు చీటీ మీద కూడా రాసి అమ్మ పర్సులో పెట్టమని.