తెర వెనుకనున్న వాని విగ్రహము

విద్యాలయములందు విగ్రహము లెవరి కెత్తుదురు? దాతలకును, పండితులకును, దేశనాయకులకును. బొమ్మలాడించు వానికి నెత్తిన విగ్రహ మొకటి కలదని వినినపుడు నాకు మొదట వింతయు, పిదప సంతోషమును గలిగెను.

అమెరికా దేశమున మేరీలాండ్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున నొక రాతిబల్ల కలదు. దానిమీద జిమ్ హెన్సన్ అను నాతడును, కెర్మిట్ అను కప్పబొమ్మయు కూర్చుండి ముచ్చటించుకొనుచున్నట్లు కంచుతో పోతపోసి యుంచిరి. హెన్సన్ 1936 సెప్టెంబరు 24వ తేదిని జన్మించెను. 2003లో అదే తేదిని విగ్రహప్రతిష్ఠ జరిగెను. ఆయన యా విద్యాలయమున 1960లో గృహవిజ్ఞానమున పట్టము పొందెను. చదువుచుండగనే, 1955లో, వాషింగ్టను నగరపు టెలివిజనులో బొమ్మల నాడించెను. తల్లి విడిచిన పాత కోటు గుడ్డయు, రెండు చెక్కలు చేసిన పింగ్‌పాంగ్ బంతియు, ఇవియే మొదటి కెర్మిట్! 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ అను కార్యక్రమమున ఆయన బొమ్మలు పసిబిడ్డలకు అక్షరములును అంకెలును నేర్పినవి. 1990లో ఆయన గతించెను.

ఆ విగ్రహపు ఛాయాచిత్రమును చూచినంతనే, బాల్యమున మా నార్కట్‌పల్లి వీథిలో చూచిన తోలుబొమ్మలాట తలపునకు వచ్చెను. మేకతోలును గీకి, పలుచన చేసి, రంగులద్ది, సన్నని రంధ్రములు పొడిచిన బొమ్మలు తెల్లని తెరమీద వెలుగుచుండెను. కేతిగాడు నోరు తెరచినంతనే పిల్లలతోపాటు తాతలును నవ్విరి. తెల్లవారిన పిమ్మట సీత యందరికిని తెలియును, రావణుడు తెలియును, కేతిగాడు తెలియును. వారికి గొంతుక నిచ్చిన వాని పేరు మాత్రము వీథిలో నెవ్వరికిని తెలియదు. మరుగున నుండుటయే ఆ విద్యకు ధర్మమని పెద్దలనిరి. నాకట్లు తోచదు. ఆట జరుగునపుడు మరుగున నుండుట నేర్పు. ఆట ముగిసిన పిదపయు మరుగుననే యుంచుట న్యాయము గాదు.

మన దేశము వీరిని బొత్తిగా మరువలేదు. అనంతపురము సీమలోని నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము ప్రకటింపబడెను. అయినను ఆ యూరి కళావంతులు నేడు తోలుతో దీపపు గుమ్మటములు చేసి యమ్ముకొనుచున్నారు. ఆడు బొమ్మకంటె అమ్ముడుపోవు వస్తువే యిల్లు గడుపుచున్నది. ఆట చూచువారు లేనిచో ఆటగాడెట్లు నిలుచును?

విగ్రహమునకు కంచు కావలెను, ధనము కావలెను. పేరడుగుటకు నోరు చాలును. ప్రియ విద్యార్థులారా! మీ యూరికి బొమ్మలవారు వచ్చినచో, ఆట ముగిసిన వెంటనే యిండ్లకు పరుగెత్తకుడు. తెర వెనుకకు బోయి, "అయ్యా, తమ పేరేమి? ఈ విద్య నెవరివద్ద నేర్చితిరి?" అని వినయముతో నడుగుడు. వారు చెప్పినది వ్రాసి యుంచుడు. రాబోవు సంచికలో ఆ పేరు అచ్చుపడెనేని, అదియే మన పాఠశాల యెత్తిన విగ్రహ మగును.