పై అరలో పెడితే సరిపోతుందా?

వేసవి సెలవులకు ముందు పుస్తకాల లెక్క చూస్తున్న రోజు. రాయలసీమలోని ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాల. లైబ్రేరియన్ పోస్టు లేదు కాబట్టి ఆ బాధ్యత సోషల్ టీచర్‌దే. బీరువా ఖాళీ చేసి, పుస్తకాలన్నీ నేలమీద దొంతరలుగా పేర్చారు. ఆవిడ నంబరు చదువుతుంటే పిల్లలు రాసుకుంటున్నారు. ఖురాన్ తెలుగు అనువాదం నంబరు చదివి, కింద పెట్టి, దానిమీద అట్లాసు పెట్టబోయారు. ఎనిమిదో తరగతి అమ్మాయి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

''మేడమ్, దానిమీద ఏమీ పెట్టకూడదు మేడమ్. నేలమీద కూడా పెట్టరు.''

''అవునా తల్లీ? మరి మీ ఇంట్లో ఎక్కడ పెడతారు?''

''అల్మారాలో అన్నిటికన్నా పైన. మా దాదీ గుడ్డలో చుట్టి పెడుతుంది మేడమ్.''

ఆవిడ ఆ పుస్తకాన్ని తీసి బల్లమీద పెట్టారు. ఆ వెంటే భాగవత కథలనూ, బైబిల్‌నూ కూడా తీసి పక్కన పెట్టారు. అప్పుడొచ్చింది అనుమానం. ఏడాదంతా ఈ పుస్తకం ఏ అరలో ఉంది? అన్నిటికన్నా కింది అరలో!

అంకెలు చేసిన పని

అది ఎవరూ కావాలని చేసింది కాదు. గ్రంథాలయాల్లో ఎక్కువగా వాడే డ్యూయీ పద్ధతిలో మత గ్రంథాలకు 200 నుంచి అంకెలిస్తారు. బైబిల్‌కు 220, భారతీయ మతాలకు 294, ఇస్లామ్‌కు 297. పుస్తకాలు పై అర నుంచి కిందికి సర్దుకుంటూ వస్తారు. బడిలో ఉండేది ఒకటో రెండో బీరువాలు. మతాల వరుసలో దాదాపు చివరనున్న అంకె సహజంగానే అడుగు అరకు చేరుతుంది. తుడిచే నీళ్లు, పిల్లల కాళ్లు తగిలేదీ అక్కడే.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం తెలుగింటి పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. ముస్లింలకు ఖురాన్ విషయంలో ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. అందులోని అరబిక్ మూలం యథాతథంగా దైవవాక్కని వారి విశ్వాసం. అందుకే వజూ చేసుకుని ముట్టుకుంటారు. చదివేటప్పుడు రెహల్ అనే చెక్క పీటమీద ఉంచుతారు. కేవలం అనువాదమే ఉన్న ప్రతికి వజూ తప్పనిసరి కాదని చాలామంది పండితులు చెబుతారు. అయితే మన దేశంలో దొరికే చాలా అనువాదాల్లో పక్కనే అరబిక్ మూలమూ ఉంటుంది. ఇక బడిలో ఎవరైనా పాటించగలిగింది ఒకటుంది... శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు.

తెలియక జరిగే పొరపాట్లు చిన్నవే. అరబిక్ ప్రతి కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. మనం చివరి అట్ట అనుకునేది దానికి మొదటి అట్ట. ఆ సంగతి తెలియకపోతే పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ చీటీని వెనకపేజీ అనుకుని మొదటి పేజీమీదే అంటించేస్తారు. బడి ముద్ర కూడా అంతే. అక్షరాలమీద పడకుండా ఖాళీ పేజీలో వేస్తే ఏ పేచీ లేదు.

పొట్లం కాకూడదు

అసలు చిక్కు పుస్తకం పాతబడినప్పుడు వస్తుంది. చిరిగిన పుస్తకాలను జాబితా రాసి తూకానికి వేసేయడం చాలాచోట్ల ఉన్నదే. అక్కడినుంచి ఆ కాగితాలు బజ్జీల బండికో, పల్లీల పొట్లానికో చేరతాయి. ఏ మతం వారికైనా తమ పవిత్ర గ్రంథం నూనె మరకలతో కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. ఊళ్లో దాని మూలంగా మాటా మాటా పెరగొచ్చు కూడా.

ముస్లిం కుటుంబాల్లో ఇలాంటి ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెడతారు. లేదంటే లోతైన నీళ్లలో వదులుతారు. పాకిస్థాన్‌లోని క్వెట్టా దగ్గర జబలె నూర్ కొండలో సొరంగాలు తవ్వి మరీ పాత ప్రతులను భద్రపరుస్తున్నారు. యెమెన్ రాజధాని సనాలోని పెద్ద మసీదులో 1972లో మరమ్మతులు చేస్తుంటే పైకప్పు దగ్గర ప్రాచీన ఖురాన్ పత్రాలు బయటపడ్డాయి. పారేయడానికి చేతులు రాక ఎప్పుడో ఎవరో దాచినవే, నేడు చరిత్రకారులకు నిధి అయ్యాయి.

బడి ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. రిజిస్టర్‌లో రాసి, మసీదు పెద్దలకు అప్పగించి, సంతకం తీసుకుంటే చాలు. అరబిక్ వాక్యాలున్న ఉర్దూ వాచకాలకూ ఇదే పద్ధతి. కాల్చడంపై పండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. చూసినవాళ్లు అపార్థం చేసుకునే ఆ పని బడి ఆవరణలో వద్దే వద్దు.

తాళం వేస్తే?

బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఇదే సమస్య వచ్చింది. ఖురాన్ కింది అరల్లో ఉంటోందని అక్కడి ప్రజా గ్రంథాలయాల పాఠకులు బాధపడ్డారు. ముస్లిం సంఘాల సమాఖ్యను సంప్రదిస్తే, అన్ని మతాల గ్రంథాలనూ కలిపి పై అరలో పెట్టమని సూచించింది. ఎవరికీ ఎక్కువ తక్కువలుండవు కదా! ఆ పద్ధతి గురించి 2009లో పత్రికల్లో వచ్చినప్పుడు విమర్శలూ వచ్చాయి. పుస్తకం ఉన్నది చదవడానికా, దండం పెట్టడానికా అని.

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. బడిలో పై అర అంటే ఆరో తరగతి పిల్లవాడికి అందని అర. గొడవెందుకని తాళం వేసేస్తే అదీ అవమానమే. పుస్తకాలు వాడకం కోసమేనన్నది మన రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది. ఖురాన్ అన్న మాటకు అర్థమే పఠనం. అరబీ రాని తెలుగువారూ చదవాలనే కదా, స్వాతంత్య్రానికి ముందే చిలుకూరి నారాయణరావు పండితుడు దాన్ని తెలుగులోకి తెచ్చారు!

అందుకే పై అర కన్నా మధ్య అర మేలు. నడుముకు పైన, పిల్లల చేతికి అందేంత ఎత్తులో. అన్ని మతాల గ్రంథాలూ పక్కపక్కనే, ఒకదానిమీద ఒకటి పడేయకుండా నిలువుగా. చదవడానికి ఓ శుభ్రమైన బల్ల. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఎలా పట్టుకోవాలో ఆ ఇంటి పిల్లనే అడిగితే ఆమె చెబుతుంది, మిగతా పిల్లలు వింటారు. తన ఇంట్లో గుడ్డలో చుట్టి దాచే పుస్తకాన్ని పక్క బెంచీ స్నేహితురాలు చేతులు కడుక్కొచ్చి మరీ తెరుస్తుంటే, ఆ పిల్లకు బడి మరికాస్త తనదనిపిస్తుంది.