మీరేమోళ్లు మేడం?



పోయినవారం హాస్టల్ రోజుల గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు: "హాస్టల్ నుంచి బయటపడ్డాక ఏమైంది మేడం?" ఏమైందంటే, ఇల్లు దొరకలేదు. ఈ వారం ఆ సంగతి.

ఐదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా నేనుండింది హాస్టళ్లలోనే. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, గోడకు కొట్టుకున్న ఒక మేకు. తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉండే గది ఎప్పుడూ లేదు. అనంతపురంలో లెక్చరర్‌గా చేరి మొదటి జీతం పడగానే అమ్మకు ఫోన్ చేసి, "ఇల్లు తీసుకుంటానమ్మా, నువ్వొచ్చి పాలు పొంగించు" అన్నాను. అమ్మ కళ్యాణదుర్గం పక్క పల్లెలో చెనక్కాయ పెరికే కూలికి పోతుంది. "ఈ పని అయిపోనీ, వస్తా" అంది.

పొద్దున క్లాసులో జాషువా 'గబ్బిలం' చెప్పడం, సాయంత్రం స్కూటీ మీద రాంనగర్, సాయినగర్ తిరుగుతూ టూలెట్ బోర్డుల కింద నిలబడటం. ప్రశ్నలన్నీ ఒకే వరుసలో వచ్చేవి. ఒక్కరేనా? ఎవరెవరు వస్తుంటారు? నాన్‌వెజ్ తింటారా? చివరికి, కొంచెం గొంతు తగ్గించి, "మీరేమోళ్లు మేడం?"

నిజం చెబితే ఎవరూ తిట్టరు. తెలివంతా అక్కడే ఉంది. "మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడంట", "వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేసినారు". బోర్డు మాత్రం మరుసటి వారం కూడా అక్కడే వేలాడుతుంటుంది. ఏడిళ్లు అట్లా పోయాయి.

ఎనిమిదో ఇంట్లో నేను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. "ఇంటిపేరు చూస్తే మావాళ్ల మాదిరే ఉందే" అని ఓనరే అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు మేడమీద రెండు గదులు, వంటిల్లు, తాళంచెవి వచ్చాయి.

ఆ నవ్వు గురించి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ చేసిన మనిషిని. సభల్లో మైకు పట్టుకుని ఆత్మగౌరవం గురించి మాట్లాడిన మనిషిని. ఆ ఇంట్లో మాత్రం బాబాసాహెబ్ ఫోటో ట్రంకుపెట్టెలో చీరల కింద ఉండేది. కూర వండితే కిటికీలు మూసేదాన్ని. విద్యార్థులు వస్తామంటే "కాలేజీలోనే మాట్లాడుకుందాం" అనేదాన్ని. నాది అనుకున్న ఇంట్లో దొంగ మాదిరి బతికాను. అన్నిటికన్నా ఘోరం, అమ్మ వస్తానంటే రెండు నెలలు ఏదో ఒక సాకు చెప్పి ఆపాను.

అమ్మ ఎన్నాళ్లు ఆగుతుంది? ఒక ఆదివారం చెనక్కాయల సంచి నెత్తిన పెట్టుకుని దిగింది. కింద ఓనరమ్మ మర్యాదగానే పలకరించింది. "ఊర్లో మీ ఇల్లు యాడమ్మా?" "మాదిగగేరిలో, బోరింగు పక్కనే" అంది అమ్మ, బస్టాండుకు దారి చెప్పినంత మామూలుగా. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

మరుసటి రోజు నుంచి పైట్యాంకుకు మోటారు వేయడం మానేశారు. అనంతపురంలో నీళ్లు రాలేదంటే ఎవరూ అనుమానించరు. వాన తక్కువ, బోర్లు ఎండిపోతాయి, అందరికీ తెలిసిందే. కింద వాళ్ల కుళాయి మాత్రం పారుతూనే ఉంది. నేనూ అమ్మా నాలుగు రోజులు వీధి కుళాయి నుంచి బిందెలు మోశాం. ఐదో రోజు "మా తమ్ముడు వస్తున్నాడు, నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్నారు. కులం మాట ఎవరి నోటా రాలేదు. ఎవరి మీద, ఏమని ఫిర్యాదు చేస్తాం? ఆన్ చేయని మోటారు స్విచ్చికి సాక్ష్యం ఏముంటుంది?

సామాను కడుతూ అమ్మ అడిగింది, "నేను చెప్పకుంటే బాగుండేదా పాపా?" కాదమ్మా అన్నాను. కానీ అంతకుముందు ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణాన్ని అమ్మ చూసింది.

ఆ రాత్రి బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మళ్లీ తీశాను. 1917లో కొలంబియాలో చదివొచ్చి, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయాడు. ఉండటానికి చోటు లేక, పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ని, ఒక క్రైస్తవ మిత్రుణ్ని అడిగితే ఇద్దరూ చోటివ్వలేదు. బొంబాయి రైలు టైమయ్యేదాకా కామాఠీ బాగ్ అనే పార్కులో కూర్చున్నాడు.

అంతకుముందు ఎన్నిసార్లు చదివినా నాకు ఆ కర్రలే కనబడేవి. ఆ రాత్రి రిజిస్టరులో రాసిన పేరు కనబడింది. ఆయనా దాచాల్సి వచ్చింది. దాచిపెట్టి, ఆ సంగతిని మళ్లీ తనే రాశాడు. సిగ్గు ఎవరిదో అప్పుడు నాకు తెలిసింది.

చట్టం మాటకొస్తే, రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. 1948 నవంబర్ 29న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ 'దుకాణం' అన్న మాటను విశాలమైన అర్థంలో తీసుకోవాలని వివరించాడు. అయినా అద్దె ఇల్లు అన్న మాట ఆ జాబితాలో లేదు. 2005లో సుప్రీంకోర్టు, అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని చెప్పింది. ఊరి బావి దగ్గర మనం గెలుచుకున్న హక్కు, మేడమీది ట్యాంకు దగ్గర ఇంకా తేలలేదు.

తర్వాత నేను ఫోన్లోనే ముందు చెప్పేసేదాన్ని: "మేం మాదిగోళ్లం, ఇస్తారా?" కొందరు వెంటనే పెట్టేసేవాళ్లు. పెట్రోలు మిగిలేది. రెండు నెలలు ఒక సహోద్యోగి గదిలో తల దాచుకున్నాక, రిటైరైన ఒక ఆర్టీసీ డ్రైవర్ "సరేమ్మా" అన్నాడు. "నీళ్లు రెండ్రోజులకోసారి వస్తాయి, పట్టిపెట్టుకోవాల. అదొక్కటే." అద్దె ఐదొందలు ఎక్కువ. ఎదురింటివాళ్లు ఇప్పటికీ మాట్లాడరు. కానీ అమ్మ వచ్చి పాలు పొంగించింది. బాబాసాహెబ్ ఫోటోకు మేకు తనే కొట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "నిజం చెప్పి నిలబడండి" అని మీకు సలహా ఇవ్వను. నాకు జీతం ఉంది, రెండు నెలలు ఆదుకున్న మనిషి ఉంది. మీకు పరీక్షలుంటాయి, చేతిలో డబ్బులుండవు. దాచాల్సి వస్తే దాచండి, దాచినందుకు మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవద్దు. అమ్మను మాత్రం నా మాదిరి ఆపొద్దు.

కులం అడక్కుండా మనకు ఇచ్చిన ఇళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెడుతున్నాను. ఇప్పటికి పద్నాలుగు ఉన్నాయి. అనంతపురంలో గది కావాల్సినవాళ్లు అడగండి. అట్లాంటి ఇల్లు తెలిసినవాళ్లు నాకు చెప్పండి.

జై భీమ్.