పార్క్ టౌన్ చిన్నపొన్ను

రైలు కదిలాక కూడా గుమ్మం పట్టుకుని వేలాడే కుర్రాళ్లంటే చిన్నపొన్నుకు పడేది కాదు. చెన్నైలోని పార్క్ టౌన్ స్టేషన్లో వాళ్లు కనబడితే ప్లాట్‌ఫారం వెంట పరుగెత్తేది, లోపలికి జరిగేదాకా మొరిగేది. చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక లేక పట్టాల మీదికి దిగబోయేవాళ్లను చూసినా అంతే. రైల్వే రక్షక దళం జవాన్లు గస్తీకి బయలుదేరితే పక్కనే నడిచేది. 2019 నవంబరులో పత్రికలు, టీవీలు ఆ కుక్క గురించి చెప్పినప్పుడు దేశమంతా ముచ్చటపడింది. అంతకు రెండేళ్ల కిందట దాని యజమానే దాన్ని ఆ స్టేషన్లో వదిలేసి వెళ్లిపోయాడని కూడా ఆ వార్తల్లో ఉంది. నాకు ఆ రెండో మాటే ఎక్కువ రోజులు మనసులో నిలిచిపోయింది. ఒక ఇల్లు వద్దనుకున్న జీవి, దారినపోయే వేలమంది ప్రాణాలను తన బాధ్యత అనుకుంది.

ఆ చోటు ఎలాంటిదో తెలిస్తే ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. చెన్నై బీచ్ నుంచి వేళచ్చేరి వైపు వెళ్లే రైలు దారిలో ఉంది పార్క్ టౌన్. ఇవతల సెంట్రల్, అవతల మనవాళ్లు ఇప్పటికీ జీహెచ్ అని పిలుచుకునే పెద్దాసుపత్రి. మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో సూళ్లూరుపేట లోకల్ దిగి, చేతిలో స్కానింగ్ కవరు, చంకలో చద్దిమూటతో పరుగులాంటి నడకతో వచ్చే తెలుగువాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు. నెల్లూరు నుంచి, గూడూరు నుంచి, తిరుపతి నుంచి. ఎవరి తొందర వాళ్లది. డాక్టరు లేచిపోతాడేమోనని ఒకరికి, బండి వెళ్లిపోతుందేమోనని ఒకరికి. అంత తొందరలో ఉన్న మనిషికి పట్టాలు రెండు ఇనుపగీతల్లా కనిపిస్తాయి తప్ప ప్రమాదంలా కనిపించవు. గోడమీది హెచ్చరిక బోర్డు చదివే తీరిక ఎవరికీ ఉండదు. కుక్క మొరిగితే మాత్రం ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆగుతాడు. ఆ ఒక్క క్షణం చాలు.

ఇది నేను ఊరికే అనడం లేదు. 2018 జులై 24 ఉదయం సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్లో, కిక్కిరిసిన లోకల్ రైలు గుమ్మంలో వేలాడుతున్నవాళ్లు పట్టాల పక్కనున్న కాంక్రీటు గోడకు గుద్దుకున్నారు. నలుగురు ప్రాణాలు కోల్పోయారు. చెన్నైలో లోకల్ రైలెక్కే ఏ ఇంట్లోనైనా ఆ వారం తల్లులు పిల్లలకు జాగ్రత్తలు చెప్పే ఉంటారు. రైల్వే చట్టంలో 147వ సెక్షన్ పట్టాలు దాటడాన్నీ, 156వ సెక్షన్ మెట్ల మీద, పైకప్పు మీద ప్రయాణాన్నీ నేరాలుగా చెబుతాయి. జరిమానాలున్నాయి, జైలూ ఉంది. అవన్నీ రాసిన తర్వాతే ఆ నలుగురూ పోయారు. పార్క్ టౌన్‌లో చిన్నపొన్ను పరుగెత్తింది అలాంటి గుమ్మాల వెంటే.

ఇలాంటి కుక్కలు కొన్నిచోట్లే ఎందుకు కుదురుకుంటాయని ఆలోచించాను. ఫైర్ స్టేషన్, పోలీస్ స్టేషన్, రైల్వే ప్లాట్‌ఫారం. అక్కడి ఉద్యోగంలో సగం ఎదురుచూపే. గంట ఎప్పుడు మోగుతుందో తెలియదు, మోగేదాకా కదలడానికి లేదు. రాత్రి డ్యూటీలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి పక్కన కూర్చోగలిగింది, ఏమీ అడగకుండా కూర్చోగలిగింది కుక్క ఒక్కటే. బిస్కెట్ ముక్కతో మొదలైన స్నేహం నెల తిరిగేసరికి పేరు పెట్టేదాకా వస్తుంది. పేరు పెట్టాక అది ఇక వీధికుక్క కాదు, స్టేషన్ కుక్క.

గ్లాస్గోలో వాలెస్ అనే కుక్క అలాగే కుదురుకుంది. 1894లో అగ్నిమాపక దళం వెంటపడి ఫైర్ స్టేషన్‌కు వచ్చి ఉండిపోయింది. గుర్రాలు లాగే ఫైరింజన్ బయలుదేరితే ముందు తనే పరుగెత్తేది. రాళ్లదారిలో పాదాలు పుండ్లు పడకుండా దానికి రబ్బరు బూట్లు కుట్టించారు. 1902లో చనిపోతే ఆ దేహాన్ని పాడవకుండా భద్రపరిచారు. ఇంగ్లండ్‌లో స్లౌ స్టేషన్ కుక్క జిమ్ రైల్వే ఉద్యోగుల భార్యాబిడ్డలు దిక్కులేనివాళ్లయితే ఆదుకునే నిధికి చందాలు పోగుచేసేది. 1896లో పోయింది. నేటికీ ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అద్దాల పెట్టెలో ఉంది.

చచ్చిన కుక్కను గడ్డి కూరి నిలబెట్టడం నాకు నచ్చదు. మనవాళ్లు చేసిన పద్ధతి నాకు ఎక్కువ గౌరవంగా తోస్తుంది. తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అనే ఊరుంది. అక్కడ ఏడో శతాబ్దినాటి, మహేంద్రవర్మ పల్లవుడి కాలపు వీరగల్లు ఒకటి ఉంది. పశువులను తోలుకుపోతున్న దొంగలతో పోరాడి చచ్చిపోయిన వీరుడి పక్కన కుక్కను కూడా చెక్కారు. దొంగలను కరిచిన ఆ కుక్క పేరు కోవివన్ అని శాసనంలోనే రాశారు. పదమూడు వందల ఏళ్లు దాటినా మనం ఆ పేరు పలకగలుగుతున్నాం! ఇంకొకటి కర్ణాటకలోని ఆతకూరు శాసనం. మన అరక్కోణం పక్కనున్న తక్కోలం దగ్గర 949లో రాష్ట్రకూటులకూ చోళులకూ పెద్ద యుద్ధం జరిగింది, చోళ యువరాజు రాజాదిత్యుడు అందులో కూలిపోయాడు. గెలిచిన పక్షాన పోరాడిన మణలేరుడు అనే వీరుణ్ణి ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. ఆ కాళి తర్వాత ఒక అడవిపందితో తలపడి, దాన్ని చంపి తనూ చచ్చిపోయింది. గుడి ముందర దానికి శిల వేయించారు. రాజ్యాలు చేతులు మారిన యుద్ధమూ, ఒక కుక్క చావూ ఒకే రాతి మీద ఉన్నాయి. దాన్ని తక్కువ చేసి రాయాలని ఆ శాసనం వేయించినవాళ్లకు అనిపించలేదు.

మద్రాసు చరిత్రలో మాత్రం కుక్కల అధ్యాయం చదవడం కష్టం. వీధికుక్కలను పట్టి, కరెంటు పెట్టి చంపడం కార్పొరేషన్‌కు ఏళ్ల తరబడి నిత్యకృత్యం. 1970ల మొదట్లో ఆ చావులు ఎంతగా పెరిగాయంటే, కేంద్ర తోలు పరిశోధన సంస్థ కుక్కతోలుతో టైలు, పర్సులు రూపొందించిందని జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్‌కు చెందిన చిన్ని కృష్ణ రాశారు. ఆ బ్లూ క్రాస్ పుట్టింది కూడా ఇక్కడే. వరదనీళ్లు నిండిన టి.నగర్ వీధిలో మునిగిపోతున్న రెండు కుక్కపిల్లలను కెప్టెన్ వి. సుందరం అనే పైలట్ ఒడ్డుకు చేర్చారు, 1959లో ఆ సంస్థ అలా మొదలైంది. చంపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చినచోటే వదలండని వాళ్లు 1964 నుంచీ చెప్పారు. కార్పొరేషన్ ఆ దారికి రావడానికి 1996 దాకా పట్టింది. చిన్నపొన్ను లాంటి దిక్కులేని కుక్క 2017లో ఒక ప్లాట్‌ఫారం మీద బతికి బట్టకట్టిందంటే ఆ ముప్ఫై రెండేళ్ల పోరుకు అందులో వాటా ఉంది.

ఇప్పుడు కాలం మళ్లీ మారింది. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో వీధికుక్కలను పట్టుకుని షెల్టర్లకు తరలించాలనీ, పట్టుకున్నచోటే తిరిగి వదలకూడదనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. ఆ ఆదేశం వెనకున్న బాధను నేను తీసిపారేయను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కలు మీదపడి పసిపిల్లలు పోయిన వార్తలు మన ఊళ్ల నుంచీ వచ్చాయి. ఆ తల్లిదండ్రుల ముందు కుక్కల మంచితనం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ టీకా వేసి, ఆపరేషన్ చేసి, పేరు పెట్టి, పదిమంది జవాన్లు పూచీ పడ్డ కుక్కను ఏ పద్దులో రాస్తారు? ఆ ప్రశ్నకు చోటుండాలనే నా వాదన.

ఇలాంటప్పుడు అందరూ ధర్మరాజు వెంట నడిచిన కుక్కను తలుచుకుంటారు. నాకు సరమ అనే కుక్క గుర్తొస్తుంది. నన్నయగారి భారతం ఆదిపర్వంలోనే వస్తుంది ఆమె. జనమేజయుడు యాగం చేస్తున్నచోట ఆడుకుంటున్న ఆమె బిడ్డ సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. వాడు ఏ తప్పూ చేయలేదు. తల్లి నేరుగా రాజు దగ్గరికే వెళ్లి, నా బిడ్డను నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీసింది. ఆ కుక్క మాటను కావ్యం తోసిపుచ్చలేదు. తప్పొప్పులు విచారించకుండా శిక్షించడం ఎంతటివాడికైనా భయం తెచ్చిపెడుతుందని ఆమె చేతనే చెప్పించింది.

చిన్నపొన్ను కోసం నేను కోరేది చాలా చిన్నది. పార్క్ టౌన్ ప్లాట్‌ఫారం మీద, పట్టాలు దాటరాదు అనే బోర్డు కింద, జానెడు రాయి ఒకటి. తమిళంలో, తెలుగులో, హిందీలో దాని పేరు, గుమ్మంలో వేలాడేవాళ్లను లోపలికి పంపేదన్న మాట, 2019 అనే సంవత్సరం. దక్షిణ రైల్వేకు దానికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. చెక్కేవాళ్లు మామల్లపురంలో కావలసినంతమంది ఉన్నారు.